హెస్ మాస్టారు

జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ మాస్టార్లలో హెస్ మాస్టారిది ప్రత్యేకమైన జాతి. ఉష్ణగతిక శాస్త్రం వచ్చేదాకా మామూలు మనిషే. ఆ పాఠం మొదలుపెట్టే రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు రంగుల సుద్దముక్కలతో వస్తారు. తెల్లది నేరుగా జరిగే చర్యకు, ఎర్రది చుట్టుదారికి. పీరియడ్ అయ్యేసరికి రెండు రంగులూ చొక్కా మీదే ఉంటాయి.

పాఠం హెస్ పుట్టుపూర్వోత్తరాలతో మొదలవుతుంది. 1802లో జెనీవాలో పుట్టాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేశాడు, 1840లో నియమం ప్రకటించాడు. చర్య ఒక అంచెలో జరిగినా పది అంచెల్లో జరిగినా, మొదలూ తుదీ అవే అయితే మొత్తం ఎంథాల్పీ మార్పు ఒకటే. దీని అవసరం ఎక్కడంటే, కార్బన్‌ను మోనాక్సైడ్ దగ్గరే ఆపి ఆ వేడి కొలుద్దామంటే కుదరదు. కొంత డయాక్సైడ్ అయి తీరుతుంది. అందుకని కార్బన్‌ను పూర్తిగా కాల్చినప్పటి −393.5లోంచి మోనాక్సైడ్‌ను కాల్చినప్పటి −283.0 తీసేసి, మోల్‌కు −110.5 కిలోజౌళ్లని తేలుస్తారు.

మాస్టారికి ఇష్టమైన ఉదాహరణ తిరుమల. అలిపిరి మెట్లెక్కినా, శ్రీవారి మెట్టు మీదుగా వెళ్లినా చేరేది కొండమీదికే, ఎక్కిన ఎత్తు ఒకటే అంటారు. మోకాళ్ల నొప్పి మాత్రం దారిని బట్టి ఉంటుంది. అది స్థితి ప్రమేయం కాదు. ఏటా ఒక చిత్తూరు పిల్లాడు లేచి, “సార్, శ్రీవారి మెట్టు శ్రీనివాస మంగాపురం దగ్గర కదా, మొదలే వేరు” అంటాడు. అన్నమాట నిజమే. చక్రం మూసుకోవాలంటే ఇద్దరూ తిరుపతి బస్టాండులోంచే బయల్దేరాలి. మాస్టారు “కూర్చోరా” అంటారు. మర్నాడు పక్క సెక్షన్లో బస్టాండు నుంచే మొదలుపెడతారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అలిపిరే.

అసలు కచేరీ మీథేన్ దగ్గర. కార్బన్, హైడ్రోజన్ కలిసి బుద్ధిగా మీథేన్ ఒక్కటే ఇవ్వవు కనుక మూడు దహనాల చుట్టూ తిరగాలి: కార్బన్ −393.5, హైడ్రోజన్ −285.8, మీథేన్ −890.3. మొదటిదాన్ని ఉన్నదున్నట్టు దించి, రెండోదాన్ని రెట్టింపు చేసి, మూడోదాన్ని తిరగేసి గుర్తు మార్చి కూడితే −74.8. “తిప్పావా? మరి గుర్తో?” అన్న అరుపు కారిడార్ చివరి జువాలజీ క్లాసుకు కూడా వినబడుతుంది. గుర్తు మార్చనివాడికి −1855.4 వస్తుంది. రెట్టింపు మరిచినవాడికి +211.0. నీటిని ద్రవంగా కాక ఆవిరిగా తీసుకుని −241.8 వేసినవాడికి +13.2. ప్రశ్నపత్రం తయారుచేసేది మాస్టారే కాబట్టి ఆ మూడూ ఆప్షన్లలో సిద్ధంగా ఉంటాయి. తనకొచ్చిన అంకె అక్కడ కనబడగానే పిల్లాడి మొహం వెలిగిపోతుంది. మాస్టారి మొహం దిద్దేటప్పుడు వెలుగుతుంది.

దారి ముఖ్యం కాదని ఇంత బోధించిన మనిషికి ఒక్కటే పట్టుదల: లెక్క తన దారిలోనే చెయ్యాలి. క్రియాజనకాల దహనోష్ణాల మొత్తంలోంచి క్రియాజన్యాలది తీసేసి, ఒక్క వరుసలో అదే −74.8 తేల్చిన అమ్మాయికి సగం మార్కులే పడతాయి. “ఏ దారైనా ఒకటే అన్నారు కదండీ?” అంటే, “అది చర్యకమ్మా, నీక్కాదు” అని జవాబు.

ఉప్పు జాలక ఎంథాల్పీకి బోర్న్–హేబర్ చక్రం వచ్చేనాటికి బోర్డు చాలదు. ఉత్పతనం, అయనీకరణం, బంధం తెంచడం, ఎలక్ట్రాన్ అఫినిటీ అంటూ నిచ్చెన పైకెక్కి కిందికి దిగి −787 దగ్గర ఆగేలోగా బెల్లు కొట్టేస్తారు. ఆయన ఆగరు.

ఇంటర్ దాటాక ఎంథాల్పీ అంటే ఏమిటో చెప్పలేనివాళ్లు బోలెడుమంది. సమీకరణం తిరగేస్తే గుర్తు మార్చాలని మాత్రం వాళ్లలో ఒక్కరూ మరిచిపోరు. ఆ పుణ్యం హెస్‌ది కాదు, మాస్టారిదే.