వంటగట్టు పద్యానికి టీకా తాత్పర్యం

తే. నల్ల రాతిని పెరికించి తెల్ల రాయి
పరచె గృహలక్ష్మి; పోపులో పసుపు చిందె;
నీటిగదిలోన నద్దాల నేల మెరిసె;
జారిపడకుండ నత్తమ్మ చాప పరచె.

ప్రతిపదార్థం: గృహలక్ష్మి = ఇల్లాలు (ఈఎంఐ కట్టే గృహస్థు కూడా ఇందులో అంతర్భూతుడే; షోరూములో తల ఊపింది ఇద్దరూ); నల్ల రాతిని = ఏళ్ల తరబడి మూకుళ్ల వేడినీ కొబ్బరికాయ దెబ్బనూ ఓర్చిన గట్టును; పెరికించి = మేస్త్రీ వద్దంటున్నా పెకలింపజేసి; తెల్ల రాయి = క్వార్ట్జ్ పలకను; పరచె = చదరపు అడుగు లెక్కన పరిపించెను; పోపులో = ఆవాలు చిటపటలాడు వేళ; పసుపు చిందె = పసుపు తన స్వభావము చూపెను; నీటిగదిలోనన్ = బాత్రూములో; అద్దాల నేల = గ్లాసీ టైల్స్; మెరిసె = సబ్బునీళ్లు పడేదాకా మెరిసెను; జారిపడకుండన్ = తుంటి ఎముక దక్కించుకొనుటకై; అత్తమ్మ = కొలతలు తీసేనాడు ఎవరూ అడగని మనిషి; చాప పరచె = ఆ టైల్స్ కనబడకుండా ప్లాస్టిక్ చాప వేసెను.

తాత్పర్యం: ఒక ఇల్లాలు పాత గట్టు తీయించి తెల్లరాయి వేయించుకుంది. మొదటి పోపుకే దానికి పసుపంటింది. బాత్రూములో అద్దంలాంటి నేల వేయిస్తే అత్తగారు భయపడి దానిమీద చాప పరిచింది. అంత ఖర్చూ పెట్టి ఇంటిల్లిపాదీ చివరికి చాప మీదే నడిచారని ధ్వని.

విశేషాంశాలు: మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన మాడ్యులర్ కిచెన్ చేయించలేదు కాబట్టి ఆ నియమం సాగింది. మేం కాస్త మూలం దాటుతాం.

నల్ల రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ అని మా అభిప్రాయం. అమ్మేది గ్రానైటు పేరుతోనే అయినా భూగర్భశాస్త్రం దాన్ని గాబ్రో జాతిలో చేరుస్తుంది. లోపల మిణుకుమనే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. పై దేశాలవాళ్లు తమ వంటిళ్ల కోసం ఓడలకెక్కించుకుపోయే రాయి అది. మనవాళ్లకది పాతబడింది. తెల్ల క్వార్ట్జ్ పలక గనిలో పుట్టదు. సుమారు 90 శాతం క్వార్ట్జ్ పొడికి రెసిన్ కలిపి అచ్చు పోస్తారు. పసుపులోని కర్‌క్యుమిన్ పట్టుకునేది ఆ రెసిన్‌నే, పొయ్యి మీంచి దించిన మూకుడు పెడితే మాడేదీ అదే. ఎండ తగిలితే పసుపు మరక వెలిసిపోతుంది. ఎండ వచ్చే వంటిల్లు దొరకాలి మరి! పాలరాయి అయితేనో అంటారా, అది కాల్షియం కార్బొనేట్. చింతపండు రసం పడిన చోటల్లా మెరుపు చస్తుంది. చారు పెట్టుకునే ఇంట్లో దానికి పూజగదే చోటు.

పూర్వపక్షం: అయితే అందం అక్కర్లేదా? సమాధానం: ఎందుకు అక్కర్లేదు! తడీ వేడీ బరువూ తగలని చోట ఎంతైనా పెట్టుకోవచ్చు. తెల్లదనం మీద మోజుంటే గోడకూ అల్మరా తలుపులకూ ఇవ్వాలి, చేతి కింద నల్లరాయి ఉంచాలి. ఔచిత్యం మీద గ్రంథమే రాసిన క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలోనే, వడ్డాణం మెడలో వేసుకుంటే నవ్వులపాలని హెచ్చరించాడు. గట్టు ఎత్తు కూడా ఔచిత్యమే. వండేవాళ్ల మోచేతికి 4 అంగుళాలు దిగువన ఉంటే నడుము నొప్పి తప్పుతుంది. టేపు పట్టినవాళ్లు కొలిచేది మాత్రం గోడనే.

అద్దాల నేల: జారుడు కొలతలో టైల్స్‌కు R9 నుంచి R13 దాకా అంకెలున్నాయి, అంకె పెరిగితే పట్టు పెరుగుతుంది. షోరూములో చెప్పులేసుకుని, పొడినేల మీద నిలబడి ఎంచుకునేవారికి ఈ అంకె కనబడదు, రంగే కనబడుతుంది. పెద్ద పలకలతో ఇంకో చిక్కు. నీరు పోవాలంటే నేలకు మీటరుకు ఓ సెంటీమీటరుకు తగ్గకుండా వాటం ఉండాలి. నాలుగు వైపుల నుంచీ జాలీ వైపు వాటం తేవాలంటే రెండడుగుల నాలుగడుగుల పలక వంగదు, కోయాలి. లేకపోతే మూలన నీళ్లు నిలుస్తాయి. చిన్న మ్యాట్ టైల్స్ అయితే వాటానికి ఒదుగుతాయి, వాటి అతుకులే పాదానికి ఆసరా. రెయిన్ షవర్ గురించి కవి మౌనం వహించాడు. పై అంతస్తులో ట్యాంకు నెత్తిమీదే ఉన్నా లాభం లేదు. 10 మీటర్ల ఎత్తు నీటికి గానీ ఒక బార్ ఒత్తిడి రాదు, కాబట్టి పంపు పెట్టకపోతే అది తుంపర. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే, పడిపోయిన మనిషే దానికి అడ్డం.

అలంకారం విషమం: మేలు కోరి చేసిన పని కీడు తెచ్చింది. మొదటి పాదంలో ‘నల్ల’, ‘తెల్ల’ ప్రాసయతి. రాళ్లు మారినా యతి చెడలేదు. ‘పరచె’ రెండుసార్లు రావడం పునరుక్తి కాదు. మొదటిదానికి బిల్లుంది, రెండోదానికి లేదు.

‘గోనె పరచె’ అని పాఠాంతరం. తడికాలికి గోనెపట్టానే నయమని అత్తమ్మ మతం. కానీ ‘జా’కూ ‘గో’కూ యతి కుదరదు. అందుచేత పండితులు చాపనే ఉంచారు.