పుదీనా శునకోపాఖ్యానం

కుక్క నోరు కంపు కొడుతుందని మనవాళ్లకు ఈమధ్యే తెలిసింది. అంతకుముందూ కొట్టేదే. కాకపోతే అది పెరట్లో ఉండేది, మనం పడగ్గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడది ఎనిమిదో అంతస్తులో, ఏసీ గదిలో, మన దిండు మీదే తల పెట్టి పడుకుంటోంది. ఆవులించిందంటే నేరుగా మన ముక్కులోకే. అలా సమస్య పుట్టింది. సమస్య పుట్టాక ప్యాకెట్టు పుట్టకుండా ఉంటుందా?

పెట్ షాపులో ఆ ప్యాకెట్లకు ఒక గోడే రాసిచ్చేశారు. ఆకుపచ్చ రంగు, రెండు పుదీనా ఆకులు, మధ్యలో పళ్లికిలించిన గోల్డెన్ రిట్రీవర్. ఆ పలువరుస చూస్తే సినిమా హీరోలు కూడా కుళ్లుకోవాలి. పైన తాటికాయలంత అక్షరాల్లో ‘తాజా శ్వాస’. వెనకవైపు చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక పట్టిక: ఇన్ని కిలోల కుక్కకు ఈ సైజు నమిలే పుల్ల, రోజుకు ఇన్ని. ముందువైపు చదివినవాళ్లే కొంటారు. వెనకవైపు చదివినవాడు నాకింకా తారసపడలేదు.

మా అపార్ట్‌మెంట్లో ఒక పొమరేనియన్‌కు డాడీ ఉన్నాడు. (యజమాని అంటే ఆయనకు కోపం.) లాబ్రడార్ సైజు ప్యాకెట్టైతే గిట్టుబాటని అదే తెచ్చాడు. పుల్ల చేతికందగానే ఆ బుజ్జిముండ రెండుసార్లు కొరికి గుటుక్కున మింగింది. పంటిని పుల్ల గీరితే పాచి పోవాలి. అసలు ఆ పుల్లకున్న సుగుణమల్లా అదొక్కటే. గీరకుండానే మింగేశాక ఇంకేముంది, పొట్ట పుదీనా, పళ్లు యథాతథం. ఆపైన అయిదు కిలోల కుక్కకు రోజంతటికీ కావాల్సింది 350 క్యాలరీలకు కాస్త అటూ ఇటూ. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదంటారు వైద్యులు. లాబ్రడార్ పుల్ల ఆ హద్దును ఒక్క గుటకలో దాటించేస్తుంది. ఆర్నెల్లు పోతే నోరు అలాగే ఉంటుంది, నడుం మాత్రం కనిపించదు.

మింగడం వల్ల ఇంకో ముప్పు కూడా ఉంది. 2006లో అమెరికాలో గ్రీనీస్ అనే దంతాల బిస్కెట్ల ముక్కలు గొంతులోనో పేగుల్లోనో ఇరుక్కుని కుక్కలు చచ్చిపోయాయని పెద్ద గొడవైంది. తర్వాత కంపెనీ వాటిని నమలడానికి, అరగడానికి వీలుగా మార్చింది. అందుకే పుల్ల కుక్క నోటికిచ్చి టీవీ ముందుకెళ్లి కూర్చోకూడదు, అది నమిలేదాకా పక్కనే ఉండాలి. ఈ మాట ఆ పొమరేనియన్ డాడీగారికి చెబితే ‘సీరియల్ టైమండీ’ అన్నాడు.

నిజానికి నోటి వాసన మీద భయం అమ్మడం కుక్కలతో మొదలైంది కాదు. లిస్టరిన్ 1879లో పుట్టినప్పుడు శస్త్రచికిత్సల్లో క్రిములను చంపే మందు. 1920ల్లో ప్రకటనలవాళ్లు దాన్ని నోటి వాసనకు మందుగా చూపించి, ఆ వాసన వల్లే అమ్మాయికి పెళ్లి కావడం లేదని అమెరికా అంతా బెంగ పుట్టించారు. ఆ కిటుకే ఇప్పుడు కుక్కల దాకా వచ్చింది. పాపం, కుక్కకు ఆ బెంగ లేదు. అది తోటి కుక్కను పలకరించేది ఏ వైపు నుంచో అందరికీ తెలుసు. అటువైపు పుదీనా ఎవరూ పూయడం లేదు, ఇంకా.

మరి కంపు ఎందుకొస్తుంది? పళ్ల మీద పాచి పడుతుంది, అందులో క్రిములు చేరతాయి, అవి వదిలే గంధకపు వాయువులే ఆ కంపు. రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి పాచి గారగా గట్టిపడుతుంది. అది చిగురు కిందికి దిగితే ఎముక కరగడం మొదలవుతుంది. కుక్కకు మొత్తం 42 పళ్లు, అందులోనూ చిన్న జాతుల మూతిలో ఇరుగ్గా ఇరికించినవి. నమ్మకపోతే మీ కుక్క పైపెదవిని ఒక్కసారి పక్కకు ఎత్తి చూడండి. వెనకున్న పెద్ద పన్ను మొదట్లో గోధుమరంగు పెచ్చు, దాని అంచున ఎర్రగా ఒక గీత కనిపిస్తే, పుదీనా పని అయిపోయినట్టే. ఇంకా పుదీనా పెట్టడమంటే అటక మీద ఎలుక చచ్చిపడి ఉంటే హాల్లో అగరొత్తులు వెలిగించినట్టే. చిగురు కింద చేరిన గారను ఏ పుల్లా గీరలేదు. దానికి డాక్టరు మత్తిచ్చి, ఎక్స్‌రే తీసి, స్కేలింగ్ చేయాలి. ‘మత్తా, అమ్మో!’ అని గుండె పట్టుకునే పెద్దమనిషి తన పన్ను పీకించుకునేటప్పుడు మత్తు సూది అడిగి మరీ పొడిపించుకుంటాడు.

కంపు ఎప్పుడూ పళ్లదే అనుకోవడానికీ లేదు. మూత్రపిండాలు చెడితే ఊపిరి అమ్మోనియా ఘాటు కొడుతుంది. షుగర్ ముదిరితే గోళ్ల రంగు తుడిచే ద్రవంలా ఒక తీపి వాసన వస్తుంది. రోగం కేక పెడుతుంటే మనం దాని నోట్లో పుదీనా కుక్కుతున్నాం.

పుల్లలు మానేసిన ప్రకృతి ప్రేమికులు ఇంకో తెగ. వాళ్లు జింక కొమ్ములు తెస్తారు. బిర్యానీ తిన్న ఆదివారం మిగిలిన బొమికలు కూడా అందిస్తారు. కొమ్ముకు పన్ను నిలువునా పగులుతుంది, ఉడికిన ఎముక చీలి లోపల గుచ్చుకుంటుంది. గోటితో నొక్కితే నొక్కు పడని వస్తువు కుక్క నోటికి పనికిరాదు. మరో తెగ తమ టూత్‌పేస్టే కుక్కకు పూస్తుంది. మనం ఉమ్మేస్తాం, కుక్క మింగుతుంది. అందులో గానీ, మీరు నమిలే చూయింగ్ గమ్‌లో గానీ జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందంటే కుక్క రక్తంలో చక్కెర చూస్తుండగానే పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినొచ్చు.

అన్ని పుల్లలూ దండగని కాదు. అమెరికాలో వెటరినరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ అని ఒకటుంది. 1997 నుంచి కంపెనీలు చూపిన పరీక్షల ఫలితాలు పరిశీలించి ముద్ర వేస్తోంది. గొడవ తర్వాత మారిన గ్రీనీస్‌కూ ఆ ముద్ర ఉంది. కానీ ఆ ముద్ర పాచి తగ్గిందా, గార తగ్గిందా అన్న లెక్కలకే. సువాసనకు ముద్ర లేదు. ప్యాకెట్టు మీద తాటికాయలంత అక్షరాల్లో ఉన్నదానికే సాక్షి లేడన్నమాట.

ఇక రోజూ బ్రష్ చేయడమే అన్నిటికన్నా మేలని డాక్టర్లు నెత్తీనోరూ బాదుకుంటున్నారు. దానికి కుక్కల పేస్టు వేరే దొరుకుతుంది, మింగినా ఫర్వాలేనిది. అయితే చిన్న చిక్కుంది. కుక్కలు ఇష్టపడేది కోడిమాంసం రుచిది. ఆ పొమరేనియన్ డాడీగారిది ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. రోజూ రాత్రి ఆయన తన చేత్తో చికెన్ పేస్టు పూసి, తోమి, ఆ నోటిని దిండు మీదికి ఎక్కించుకోవాలి. పుదీనా కంపెనీల వ్యాపారానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు.