సైడ్‌వాల్ జాతకం

ఎడమ వెనక టైరుకి బుడ్డ లేచి ఇవాళ్టికి పదకొండు రోజులు. నిమ్మకాయంత బుడ్డ. పొద్దున్నే నోట్లో బ్రష్షు పెట్టుకునే పోయి చూసొస్తున్నా. పెరగదు, తగ్గదు. "కాస్త పసుపు పట్టించి చూడండి" అంది మా ఆవిడ, కారు కొన్న రోజు నుంచి దాచుకున్న కసినంతా ఆ ఒక్క మాటలో పెట్టి.

కారంటే స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేలకి జానెడు కూడా లేని ఎత్తు, వెనక సీటులో ఒక టెంకాయల బుట్ట పట్టేంత చోటు. చెన్నైలో ఎవరో మూడేళ్ళు ముద్దు చేసి వదిలించుకున్న సరుకు. కంపెనీ పేరు చెప్పను, వాళ్ళ పరువు వాళ్ళది. శ్రీ సిటీ పారిశ్రామికవాడ లోపలి రోడ్లు చూసి మోజుపడి కొన్నా. చాప పరిచినట్టుంటాయి. కానీ మనిషన్నాక గేటు దాటాలి కదా, గేటవతల గుంత ఉంది. 2022లో మా మండలం చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. గుంతకి మాత్రం బదిలీ ఆర్డరు రాలేదు.

పంచరైతే ముక్క అతికిస్తారు. బుడ్డకి మందు లేదు. సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి, గాలి రబ్బరుని బయటికి తోస్తోందని అర్థం. మార్చాల్సిందే. మార్చాలంటే సైజు చెప్పాలి. వంగి చదివితే, 245/40 ఆర్ 18 97 డబ్ల్యూ. ఇది సైజు కాదు, జాతకం. 245 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో నలభై శాతం పక్కగోడ ఎత్తు, అంటే 98 మిల్లీమీటర్లు. బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, అంతే రబ్బరు. రోడ్డుకీ నా నడుముకీ మధ్య రాయబారం నడపాల్సింది అదే. 18 రిమ్ము అంగుళాలు. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోస్తుంది. చివర డబ్ల్యూ ఉంది చూశారూ, అది గంటకి 270 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని హామీ. నాలుగు లైన్ల హైవే మీద కార్లకి సర్కారు పెట్టిన హద్దు 100. తడ దగ్గర టిప్పర్ల వెనక నాకు దక్కేది 28. మిగతా 242 కిలోమీటర్లకీ కూడా నేనే డబ్బు కట్టాలి.

తిరుపతిలో అడిగా. చెన్నైలో ఫోన్లు చేశా. ఒకాయన "ఉంది సార్, కొత్తదే" అన్నాడు. పుట్టిన తేదీ చెప్పమన్నా. టైరు మీద చివరి నాలుగంకెలు అవే: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కాసేపు గొణిగి "2219" అన్నాడు. అంటే 2019లో ఇరవై రెండో వారం. వాడకపోయినా రబ్బరు వయసు రబ్బరుకి వస్తుంది, గట్టిపడుతుంది. "ఏసీ గోడౌన్లో పెట్టాం సార్, ఎండ కన్నెరగదు" అన్నాడు. పెళ్ళిసంబంధాల్లో కూడా అచ్చం ఇదే మాట విన్నా.

ఇక ఊరి జనం. "పక్కన చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ పెట్టుకోని టైరు దొరకలేదంటావేందప్పా?" నిజమే, 2020 నుంచి అక్కడ టైర్లు తయారవుతున్నాయి. అయినా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి వేడి వేడి బోండాల్లా రెండు కట్టివ్వమంటామా!

పికప్పు ట్రక్కున్న పక్కింటాయనది ఇంకో సలహా. వెడల్పు టైరేస్తే పట్టు పెరుగుతుందట. పొడి రోడ్డు మీద సరే. కార్తీక మాసం వానల్లో వెడల్పు టైరే ముందు నీళ్ళ మీద తేలుతుంది. మెత్తటి రబ్బరైతే రోడ్డుని కరుచుకుంటుంది, కానీ సబ్బులా అరిగిపోతుంది. ఫార్ములా వన్ పందేల్లో టైర్లకి దుప్పట్లు కప్పి వేడి చేస్తారని చెప్తే పక్కింటాయన పగలబడి నవ్వాడు. మే నెలలో సత్యవేడులో బండి నీడన పెట్టినా ఆ పని దానంతటదే అయిపోతుంది.

అసలు నన్ను దెబ్బకొట్టినవాడు పంచరు షాపు మస్తాన్. టైరు చుట్టూ తిరిగి, "ఇదేంది సామీ, ఎద్దుల బండి పట్టా మాదిరి ఉండాది?" అన్నాడు. అంతే, నా బుర్ర బుడ్డ వదిలేసి ముప్పై అయిదేళ్ళు వెనక్కి పోయింది.

పట్టా వేయడం మీలో ఎంతమంది చూశారో. కొయ్య చక్రం కంటే ఇనుప పట్టా కొలత ఒక పిసరు తక్కువ చేస్తాడు కమ్మరి. పట్టాని నేలమీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి, అది ఎర్రగా అయిందాకా కాలుస్తాడు. కాలితే సాగుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి సమ్మెటలతో దిగ్గొడతారు. కొయ్య అంటుకుని భగ్గుమంటుంది. అప్పుడు బిందెలు బిందెలు నీళ్ళు. చుయ్యిమని ఆవిరి లేచి, పట్టా ముడుచుకుని, ఆకులన్నీ కిర్రుమంటూ బిగుసుకుంటాయి. పిల్లలం ఆ ఆవిర్లోకి దూరి తన్నులు తినేవాళ్ళం. వారం అంకె లేదు, సంవత్సరం అంకె లేదు. కమ్మరికి రెండు కుంచాల వడ్లు, అంతే.

ఆ తర్వాత ఊళ్ళోకి డన్లప్ బండి వచ్చింది. డన్లప్ అనేది ఎద్దుల బండి జాతి పేరనే నేను చాలాకాలం అనుకున్నా. తీరా చూస్తే డన్లప్ ఒక మనిషి, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల్లో కుదుపుతోందని 1888లో గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ అనే ఆయన 1840ల్లోనే ఆ పని చేసేశాడని తర్వాత తేలి పేటెంటు కొట్టేశారు, అది వేరే గొడవ. నాకు నచ్చిందల్లా ఒకటే: పశువుల డాక్టరు టైరు, తిరిగి తిరిగి చివరికి పశువుల దగ్గరికే వచ్చింది.

మా నాయన కూడా వేయించాడు. ఎవరో వాడి పారేసిన నున్నటి టైర్లు, అక్కడక్కడ గుడ్డ కూడా కనబడేది. పట్టా బండి బాగానే ఉంది కదా ఎందుకని మా అవ్వ అరిస్తే, "కుదుపుకి ఎద్దు మెడ పుండు పడతాండాది" అన్నాడు. టైరు ఎంపికకి ఆయన చెప్పిన కారణం అదొక్కటే.

ఆ బండి తిరిగిన కయ్య ఇప్పుడు లేదు. 2008లో శ్రీ సిటీ మొదలయ్యేనాటికే పోయింది. దాని మీద ఇప్పుడు చాప పరిచినట్టు రోడ్డుంది, డ్యూటీకి రోజూ దానిమీదే పోతా. భూమి డబ్బులో బ్యాంకులో మిగిలిన చివరి ముక్క ఈ కారులో పెట్టా. నాయనకి ఆ సంగతి తెలుసు. ఎప్పుడూ ఎత్తలేదు.

నిన్న సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి, బుడ్డ మీద బొటనవేలితో నొక్కి చూశాడు. ఎద్దు మెడ కణితిని నొక్కినట్టే, మెల్లిగా.

"నొప్పి కాదులే నాయనా" అన్నా, నవ్వించబోయి.

"నీకు కాదా?" అన్నాడు.

ఇవాళ రెండు టైర్లు చెప్పేశా. ఈ ఏడాది సరుకే, శనివారం వస్తుంది. కొత్త జత వెనక్కే వేయాలని పుస్తకం అంటోంది, ముందుకే వేయాలని మస్తాన్ అంటున్నాడు. దాని మీద ఇంకో నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా మా ఆవిడ బానెట్ మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టింది.