రబ్బరు శాసనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

డాలస్‌లో ఉండే మా మేనల్లుడికి ఒక పాత కారుంది. మజ్దా ఎంఎక్స్-5 అని అసలు పేరు, అమెరికాలో మియాటా అని ముద్దుపేరు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనం కంట పడిన తొలి తరం బండి. 1.6 లీటర్ ఇంజను, రెండే సీట్లు, వెనక్కి మడిచేసే పైకప్పు. ముప్ఫయ్యేళ్ళు దాటినా ఇంకా పెళ్ళికాని కుర్రాడిలా ఉంటుంది. దానికి కంపెనీ ఇచ్చినవి 14 అంగుళాల చక్రాలు. మావాడు ఎవరి దగ్గరో 17 అంగుళాల అలాయ్ వీల్స్ టైర్లతో సహా చవగ్గా కొట్టుకొచ్చి బిగించాడు.

నేను రిటైరైన తెలుగు మాస్టారిని, వీసా మీద ఆర్నెల్లు వాళ్ళింట్లో ఉందామని వెళ్ళినవాణ్ణి. నన్ను పక్కన కూచోబెట్టుకుని, ఇంటిముందు వాలులోంచి రోడ్డెక్కుతూ స్టీరింగు కడదాకా తిప్పాడు. ముందు చక్రం దగ్గర బర్‌ర్‌మంది.

"ఏం కాదులే మావయ్యా" అన్నాడు.

ముప్ఫై అయిదేళ్ళు వ్యాసాలు దిద్దిన చెవి ఊరుకుంటుందా? ఎక్కడో ప్రాస కుదరలేదు. బండి దిగి, మోకాలి మీద కూచుని, కళ్ళజోడు సవరించుకుని టైరు పక్కగోడ చదివాను. అదీ ఈ వ్యాఖ్యానానికి పుట్టుక.

మెదక్ సీమ కొలచలమ వాడైన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే మాస్టారినెలా అవుతాను?

మూలం

185/60 ఆర్ 14 82 హెచ్

ఇది హిరోషిమా ప్రతి. అంటే బండి పుట్టిన ఊరి పాఠం. అంకెలూ అక్షరాలూ కలిసి నడిచాయి కాబట్టి చంపువు అనుకోవచ్చు.

ప్రతిపదార్థం

185 = నూట ఎనుబది యైదు మిల్లీమీటర్ల వెడల్పు గలదియు; 60 = ఆ వెడల్పులో నూటికి అరువది పాళ్ళు పక్కగోడ ఎత్తు గలదియు; ఆర్ = రేడియల్ అల్లిక గలదియు; 14 = పదునాలుగు అంగుళముల రిమ్మును కౌగిలించునదియు; 82 = నాలుగు వందల డెబ్బది యైదు కిలోల భారమును మోయునదియు; హెచ్ = గంటకు రెండు వందల పది కిలోమీటర్ల వేగమును ఓర్చునదియు (అగు టైరు అని అధ్యాహారము).

వ్యాకరణ విశేషాలు

ఒకటి. ఒకే పదంలో మొదటి అంకె మిల్లీమీటర్లు, రెండోది శాతం, మూడోది అంగుళాలు. ఏ ఒక్కదానికీ ప్రమాణం రాయలేదు. కవి అంతా మనకే వదిలేశాడు. మొదటి రెంటినీ పోల్చి, "60 అంటే 60 మిల్లీమీటర్ల ఎత్తు" అని అన్వయించినవాడు సున్నా మార్కులకు అర్హుడు. గోడ ఎత్తు వెడల్పు మీద ఆధారపడ్డ విశేషణం. వెడల్పు పెంచి 60ని 60గానే ఉంచితే గోడ కూడా పెరుగుతుంది.

రెండు. ఆర్ అంటే రిమ్ము అని బాలురు, రేడియస్ అని ప్రౌఢులు భ్రమిస్తారు. రెండూ అపార్థాలే. టైరు లోపలి దారాలు అంచు నుంచి అంచుకి అడ్డంగా, కిరణాల్లా వెళ్ళే అల్లికని మిషెలిన్ వాళ్ళు 1946లో పేటెంట్ చేశారు. ఆ అల్లికకు గుర్తు ఈ అక్షరం. పైగా 14 రిమ్ము వ్యాసమే గాని వ్యాసార్ధం కాదు.

మూడు. వేగాన్ని చెప్పే అక్షరాల్లో ఎస్ 180, టి 190, యు 200 అని వరస బాగానే నడిచి, 210 దగ్గర హఠాత్తుగా హెచ్ దూరింది. ఆ తర్వాత వి, 240. యు, వి లకు నడుమ హెచ్ ఏమిటని అడిగితే, ఆర్షప్రయోగం అనాలి. అంతకు మించి అడక్కూడదు.

తాత్పర్యం

185లో 60 శాతం 111 మిల్లీమీటర్లు. రిమ్ముకి పైన ఒక గోడ, కింద ఒక గోడ. రెండూ కలిపి 222. 14 అంగుళాలంటే 355.6. మొత్తం కూడితే 577.6 మిల్లీమీటర్లు. ఇదీ టైరు నిండు వ్యాసం. ఒక్కసారి దొర్లితే 1.81 మీటర్లు, కిలోమీటరుకి 551 చుట్లు.

పద్యానికి ప్రాణం ఈ వలయమే. ఈ బండిలో స్పీడోమీటరుకి గేర్‌బాక్సు నుంచి ఒక కేబులు వస్తుంది. అది చుట్లు లెక్కపెడుతుంది గాని రోడ్డుని చూడదు. ఒక చుట్టుకి ఇంత దూరం అని పుట్టినప్పుడు దానికి నూరిపోసిన పాఠమే చచ్చేదాకా వల్లిస్తుంది. అందువల్ల సిద్ధాంతం ఇది: పాఠం మారవచ్చు, తాత్పర్యం మారకూడదు. రిమ్ము ఒక అంగుళం పెరిగితే రెండు గోడలూ కలిపి అంతమేరకు తగ్గాలి. నిండు వ్యాసంలో తేడా నూటికి మూడు లోపే ఉండాలని పెద్దల మాట.

పాఠాంతరాలు

195/50 ఆర్ 15. 195లో సగం 97.5. రెండు గోడలు 195. 15 అంగుళాలు 381. మొత్తం 576. మూలానికీ దీనికీ తేడా 1.6 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు పాత రూపాయి బిళ్ళ మందం. అంకెలు మూడూ మారాయి, అర్థం చెక్కుచెదరలేదు. ఇది సాధుపాఠం.

205/50 ఆర్ 15. మొత్తం 586. ఒకటిన్నర శాతం పెద్దది. రేస్ ట్రాకులకు వెళ్ళేవాళ్ళు దీన్ని ఆదరిస్తారు. గ్రాహ్యమే.

195/55 ఆర్ 15. అయిదే గదా తేడా అని కొట్టువాడు అంటగట్టే పాఠం. మొత్తం 595.5. మూడు శాతం దాటింది. లేఖక ప్రమాదం కింద జమ కట్టాలి.

205/40 ఆర్ 17. మావాడి పాఠం. గోడ 82కి పడిపోయినా మొత్తం 595.8. మీటరు 60 మైళ్ళు అంటుంటే బండి దాదాపు 62లో పోతుంటుంది. అలంకారశాస్త్రంలో అతిశయోక్తికి చోటుంది. ఉన్నదానికంటే తక్కువ చెప్పే ఈ అల్పోక్తిని మాత్రం డాలస్ పోలీసులు అలంకారంగా ఒప్పుకోరు. అదీగాక టైరు పైఅంచు తొమ్మిది మిల్లీమీటర్లు పైకి జరిగింది. వాలులో నేను విన్న బర్‌ర్‌కి అదొక మూలం.

దోష విచారం

లక్షణానికి మూడు దోషాలని తర్కశాస్త్రం. మూడూ ఇక్కడ దర్శనమిస్తాయి.

అతివ్యాప్తి: చక్రం తనది కాని చోటుకి విస్తరించడం. ఇది వ్యాసం ఒక్కదాని పాపం కాదు. చక్రం నడిమి గీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే ఆఫ్‌సెట్ అనే అంకె ఒకటుంది. అసలు చక్రం అయిదున్నర అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45. దాని బదులు ఏడు అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 35 ఉన్నది బిగిస్తే లోపలి అంచు 9 మిల్లీమీటర్లు లోపలికి, బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి వస్తాయి. లోపల సస్పెన్షన్, బయట ఫెండరు కాచుకుని ఉంటాయి. స్టీరింగు రెండు వైపులా కడదాకా తిప్పి, సీట్లలో ఇద్దరు కూచుని, గుంతలో దిగినా తగలకపోతేనే దోషం లేనట్టు.

అవ్యాప్తి: రిమ్ము వెడల్పుకి టైరు చాలకపోవడం. 195/50 ఆర్ 15 టైరుకి అయిదున్నర నుంచి ఏడు అంగుళాల రిమ్ము తగినది. ఎనిమిదంగుళాల రిమ్ము మీద దాన్ని సాగదీసి తొడిగితే, పక్కింటి పిల్లాడి చొక్కా వేసుకున్న పెద్దమనిషిలా ఉంటుంది.

అసంభవం: అసలు బిగియకపోవడం. ఈ బండికి నాలుగు బోల్టులు, వాటి వలయం 100 మిల్లీమీటర్లు. అయిదు రంధ్రాల చక్రం ఎంత అందంగా ఉన్నా ఇది ఆడపెళ్ళివారు ఒప్పుకోని సంబంధం.

శంకా సమాధానాలు

"చక్రం పెద్దదైతే రోడ్డుని గట్టిగా పట్టుకోదా?" అని మావాడి శంక.

పట్టు రబ్బరుది, రబ్బరు వెడల్పుది. రిమ్ము వ్యాసానిది కాదు. గోడ పొట్టిదైతే మలుపులో తక్కువ వంగుతుంది, స్టీరింగు చప్పున జవాబిస్తుంది. నిజమే. కాని గుంతలో పడ్డప్పుడు మెత్తగా నలిగే 111 మిల్లీమీటర్ల పరుపు 82 అయిందంటే, మిగతా దెబ్బ రిమ్మూ నడుమూ పంచుకుంటాయి. పెద్ద రిమ్ముకి అసలు ప్రయోజనం లోపల పెద్ద బ్రేకులకు చోటివ్వడం. దీని బ్రేకులు 14లోనే హాయిగా ఇమిడి ఉన్నాయి. బరువు మాటా ఉంది. పెద్ద చక్రంలో బరువు ఇరుసుకి దూరంగా ఉంటుంది, తిప్పడానికి ఇంజను ఎక్కువ గింజుకోవాలి. టన్నుకి తక్కువ తూగే బండికి అది తెలిసిపోతుంది.

"మరి అందం?"

దీనికి నా దగ్గర ఖండనం లేదు. ఫెండరు నిండా చక్రం నిండితే చూడముచ్చటగానే ఉంటుంది. అలంకారం కావ్యానికి దోషం కాదు. అర్థాన్ని మింగితేనే దోషం.

ఫలశ్రుతి

మావాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కాలిక్యులేటరు పట్టుకుని వచ్చి, "పదిహేనే పెడతాలే మావయ్యా, నువ్వు ఊరుకో" అన్నాడు. 195/50లు వచ్చాయి. వాలులో స్టీరింగు కడదాకా తిప్పాడు. చెవి రిక్కించాను. ఏమీ వినపడలేదు.

ఆ సంతోషంలో ఒక ఆటవెలది చెప్పి, కాగితమ్మీద రాసి తలుపు దగ్గరి టైరు స్టిక్కరు పక్కన అంటించాను.

రిమ్ము పెరుగునట్టి రీతిగా గోడను
తగ్గనిమ్ము చుట్టు దక్కునట్లు
మీటరెప్పుడింక మిథ్యలు పలుకదు
రబ్బరుపయి రాత రథపు రాత

వాడు వంగి, రెండుసార్లు కూడబలుక్కుని చదివి, "బావుంది మావయ్యా. అర్థం?" అన్నాడు.

నేను మళ్ళీ మోకాలి మీద కూచుని, కళ్ళజోడు సవరించుకున్నాను.

రిమ్ము = చక్రము యొక్క...