కాలేజీ మారదలచిన ఇంజనీరుకు పనికొచ్చే సలహాలు

ఇంజనీరింగు మొదటి ఏడాది ఫలితాలు రాగానే మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక గాలి లేస్తుంది. హైవే పక్క హోటలు దగ్గర బస్సాగిన పది నిమిషాల్లో గమనించండి. చంకలో ప్లాస్టిక్ ఫోల్డరుతో ఒక తండ్రి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఒక కొడుకు. ఈ కాలేజీ బాగాలేదు, మారాలి. ఎక్కడికి? అది బస్సెక్కాక ఫోన్లో తేలుతుంది. వీళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఇయర్‌ఫోన్లు లేని ఆ కొడుకుని నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

ముందు బ్రాంచి సంగతి. సీఎస్‌ఈ. ఇందులో చర్చ లేదు. మిర్యాలగూడ పక్కన దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, మేళ్ళచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, పొలాల మీదుగా సాగర్ ఎడమ కాలువ, రాత్రంతా మోగే రైసుమిల్లుల మోటార్లు. ఇన్నిటి మధ్య పుట్టి పెరిగినవాడు ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ అంటే చుట్టాల్లో పరువేముంటుంది?

ఊరు హైదరాబాదే. కోదాడకు విజయవాడ వంద కిలోమీటర్ల లోపే, హైదరాబాదు దానికి దాదాపు రెట్టింపు. అయినా విజయవాడ వైపు చూడొద్దు, అక్కడ మీరు నాన్‌లోకల్. ఇది 2014లో రాష్ట్రం విడిపోయాక వచ్చిన తంటా కూడా కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లోనే మనది ఉస్మానియా ప్రాంతం, వాళ్ళది ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. జగ్గయ్యపేటలో మనం సినిమాకు లోకల్, సీటుకు కాదు.

ఇక అసలు సూత్రం. అక్కడ ఏం చెబుతారని అడగొద్దు, అక్కడ మనోళ్ళెవరున్నారని అడగండి.

మిర్యాలగూడ మిల్లు వాకిట వడ్ల ట్రాక్టరు ఆగితే జరిగే పరీక్ష చూశారా? గుప్పెడు వడ్లు తీస్తారు. అరచేతుల్లో నలిపి పొట్టు ఊదుతారు. ఒక గింజ పంటికింద పెట్టి కొరుకుతారు. తేమ 17 శాతం దాటిందా, తాలెంత, ఆడిస్తే నూక ఎంత పోతుంది, అన్నీ ఆ కొరుకులో తేలాలి. "మా బావమరిది చూసిండు, మంచి వడ్లే" అంటే నవ్వి ఇంకో గుప్పెడు తీస్తారు. అదే మనిషి కొడుకు చదువు దగ్గరికొచ్చేసరికి ఒక్క ఫోను. "మీ చిన్నోడు ఆడ్నే గదా, ఎట్లుందంట?" "మంచిగనే ఉందంట." అయిపోయింది. మంచిగనే ఉందంటే మెస్సులో కూర బాగుంటుందని, అటెండెన్సుకు పెద్దగా పట్టింపు లేదని. మిగిలిన మూడేళ్ళ చదువూ, లక్షల అప్పూ ఒక్క గింజ కొరక్కుండానే దిగుమతి.

ఈ సూత్రం సముద్రాలు కూడా దాటింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అందులో పేరున్న పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కాగితాల మీద వందలమందిది ఒకే అపార్టుమెంటు చిరునామా. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. బుద్ధొచ్చిందా? 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. తరగతులు లేవు, పంతుళ్ళు లేరు. దాన్ని వలగా పన్ని నడిపింది అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళే. అప్పటికే వేరే చోట చదువుతున్నవాళ్ళు కూడా దాంట్లోకి బదిలీ అయ్యారు. పిల్లల్ని చేర్పించిన మధ్యవర్తులు ఎనిమిది మంది మీద కేసులు పడ్డాయి. మనోళ్ళున్నారా అంటే ఉన్నారు, ప్రొఫెసర్లే లేరు.

ఆ పిల్లల్ని చూసి నవ్వడానికి మాత్రం నాకు నోరు రాదు. అప్పు చేసి వెళ్ళినవాడికి తక్కువ ఫీజు, చేతికి పని దొరుకుతుందంటే ఇంకేం అడుగుతాడు? ఏం అడగాలో మనమే నేర్పలేదు.

ఇక మిగతా సలహాలు. హోర్డింగు మీద ప్లేస్‌మెంట్ల ముఖాలు లెక్కపెట్టండి. పక్క కాలేజీ హోర్డింగు మీద అదే ముఖం కనిపిస్తే చూడనట్టు పోండి.

సిలబసు జోలికి పోవద్దు. జేఎన్‌టీయూలో 2018లో ఆర్18 సిలబసు వచ్చింది, 2022లో ఆర్22. అటానమస్ కాలేజీ అయితే దాని సిలబసు దానిదే. ఇక్కడ చదివింది అక్కడ మళ్ళీ చదవాల్సి రావచ్చు, ఇక్కడ చదవంది పైగా రాయాల్సి రావచ్చు. ఆ సంగతి చేరాక నోటీసు బోర్డు చెబుతుంది, తొందరేం లేదు. క్రెడిట్లు దాచుకోమని యూజీసీ 2021లో ఏకంగా బ్యాంకే పెట్టింది కదా అంటారా? బ్యాంకులో ఉంటే చాలదు నాయనా, ఆ నోటు అవతలి కొట్లో చెల్లాలి.

సర్టిఫికెట్లు. ఒరిజినల్స్ కాలేజీ పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. ఆ కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళకండి, గుమాస్తా మనసు నొచ్చుకుంటుంది. మీ ఫీజు రీయింబర్స్‌మెంటు ప్రభుత్వం బాకీ, కానీ టీసీ కావాలంటే ఆ బాకీ మీది. ఆ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయంటే మీ ఫోల్డరు ఏపాటిది?

ఇన్ని చెప్పినవాణ్ణి నేనెలా మారానో చెప్పకపోతే బాగుండదు. రెండు కాలేజీల ఎన్‌ఓసీలు, అవతల ఖాళీ సీటు, యూనివర్సిటీ అనుమతి, అన్నిటికీ నాన్నే తిరిగాడు. ఫారంలో 'కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశాడు.

"ఏం రాయమంటవ్ రా?"

"ల్యాబులు బాగలేవని రాయి" అన్నాను.

ఆ ఏడాది నేను ల్యాబుకు వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అసలు సంగతి, నా దోస్తు అంతకుముందే హైదరాబాదు వెళ్ళిపోయాడు. నాకు ఎమ్‌వన్, అదే మొదటి లెక్కల పేపరు, పోయింది. నాన్న గుండ్రటి అక్షరాలతో, తప్పు పోకుండా, 'ల్యాబులు' అని రాశాడు. ఎమ్‌వన్ బ్యాక్‌లాగ్ నాతోపాటే బస్సెక్కింది. దానికి టికెట్టు కూడా కొట్టలేదు.

మొన్న రాత్రి మిర్యాలగూడ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, సెకండియర్‌కి కాలేజీ మారుదామనుకుంటున్న. రెండు పేర్లు చూసిన. ఏది పెట్టుకోమంటవ్?"

ఈ వ్యాసం అప్పటికి సగం రాసి నా బల్ల మీదే ఉంది.

"ఆడ మనోళ్ళెవరన్న ఉన్నర్రా?" అన్నాను.