సోరీ సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము:
"ఓ, సోరీ!"

అవతారిక: ఒంటారియో రాష్ట్రమున, బ్రాంప్టన్ నగరమందలి ఒక కిరాణా దుకాణములో, కందిపప్పు వరుస మలుపుకడ రెండు షాపింగు బండ్లు తాకుకొనగా ఇరువురును ఏకకంఠమున పలికిన వాక్యమిది. తగిలించినదెవరో తేలలేదు. తేల్పబూనినవారును లేరు.

ప్రతిపదార్థము: ఓ = సంబోధనము కాదు, ఉలికిపాటు; సోరీ = పొరపాటు నాది; లేదా, పొరపాటు నీది; లేదా, ఎవరిదైన నేమి, కొంచెము దారి ఇమ్ము.

పాఠభేదము: 'సారీ' యనునది సరిహద్దుకు దక్షిణమున వినబడు పాఠము. ఓకారము కెనడా సంప్రదాయము. మన పిల్లలు దీనిని బడినుండి ఇంటికి తెత్తురు. పెద్దలు మాత్రము 'సారీ అండీ' యని గౌరవవాచకము చేర్చుటచే, తన పేరు ఆండీ యని వీరికెవరు చెప్పిరాయని ఎదుటి దొర విస్తుపోవును.

తాత్పర్యము: మన వైపు కాలు తగిలినచో, తగిలించినవాడు వంగి తాకి కన్నుల కద్దుకొనును. రెండవవాడు 'పరవాలేదు' అనును. కర్త యెవరో, కర్మ యెవరో చూచువారికి స్పష్టము. ఇచటనో, కాలు త్రొక్కించుకొన్నవాడే ముందుగా సోరీ యనును! ఈ విపరీతమునకు పాణిని సూత్రమేదియు చాలదు.

శంక: అట్లన్నచో నేరమొప్పుకొన్నట్లు కాదా? రేపు దావా వేసినచో?

సమాధానము: కాదు. దీనికి శాసన ప్రమాణమే కలదు. 2006లో బ్రిటిష్ కొలంబియా, 2009లో ఒంటారియో 'అపాలజీ యాక్ట్' చేసినవి. దావా భయమున వైద్యులు రోగి బంధువులయెదుట నోరు మెదపకుండుట ఇట్టి చట్టముల పుట్టుకకు ఒక హేతువు. సివిల్ వ్యాజ్యములో క్షమాపణ తప్పు నంగీకరించుట కాదనియు, దానిని సాక్ష్యముగ చూపరాదనియు, దానివలన ఇన్సూరెన్సు చెడదనియు వీని సారము. మాటయే కాదు, విచారము తెలుపు చేష్టయు క్షమాపణయేనని ఒంటారియో శాసనకర్తలు నిర్వచించిరి. కన్నుల కద్దుకొనుటయు ఇందు చేరునని ఈ వ్యాఖ్యాత మతము. న్యాయస్థానము మతము వేఱు కావచ్చును.

విశేషము: ఈ పదము ప్రభువుల నోటికి ఇంత సులభముగ రాదు. 1914లో 376 మంది భారతీయ ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కోమగాటమారు ఓడను రెండు నెలలు తీరముననే నిలిపి, కొద్దిమందిని దప్ప తక్కినవారిని వెనుకకు పంపిరి. పార్లమెంటులో నాటి ప్రధాని జస్టిన్ ట్రూడో క్షమాపణ చెప్పినది 2016 మే 18న. బండి తగిలిన అరక్షణములో వెలువడు మాట, ఓడ విషయమున పార్లమెంటులో వెలువడుటకు నూటరెండేండ్లు పట్టినది. దీనిని విలంబిత సోరీ యందురు కాబోలు.

ప్రతిశంక: చట్టమే అండగ నున్నదిగదా, ఎచటనైన అనవచ్చునా?

సమాధానము: అనవచ్చును, కాని ఎల్లెడల రక్ష లేదు. క్రిమినల్ కేసులకును, రాష్ట్రస్థాయి నేరముల విచారణకును ఒంటారియో చట్టపు రక్ష వర్తింపదు. ట్రాఫిక్ టికెట్లు ఈ రెండవ కోవలోనివే. కావున చదువరులు కందిపప్పు వరుసలో ఎన్ని సోరీలైన చెప్పుకొనవచ్చును. టికెట్ వ్రాయుచున్న పోలీసుయెదుట మాత్రము ఆలోచించి నోరు విప్పవలెను.