నోటీసు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: గోదావరిఖని బస్తీలో ఒక ఇంటి గేటుకు అంటించిన నోటీసు చూసి పుట్టిన ఆటవెలది ఇది. కవి పేరు చెప్పం, ఆయనకూ ఇల్లుంది. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఈ టీకాకారుడికి ఆ భాగ్యం లేదు. మూలం సగం రామగుండం కార్పొరేషన్ ఫైల్లో ఉంది, మిగతా సగం కొత్తగూడెంలో సింగరేణి కంపెనీ బీరువాలో ఉంది.

మూలం:
క్రింద బొగ్గు గలదు, కీడని యెంచక
పైన నిల్లు గట్టె బస్తివాడు;
జోను రంగు జూచి సొంపుగ నోటీసు
నంటఁబెట్టి వెళ్ళె నధికృతుండు.

టీక: క్రిందన్ = భూమి అడుగున; బొగ్గు = సింగరేణి వారి సొత్తు (కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం, బస్తీవాడికి సున్నా); కలదు = ఉన్నది, తవ్వేసిన చోట ఒకప్పుడు ఉండెడిది; కీడు అని ఎంచక = గోడ పగిలినప్పుడల్లా సిమెంటు పూసి ఊరకుండి; ఇల్లు = రెండు గదులు, రేకుల వరండా, మెట్ల కింద బాత్రూం; కట్టెన్ = దసరాకు వచ్చిన లాభాల వాటాతో గోడలు, చిట్టీ ఎత్తి స్లాబు లేపెను; బస్తివాడు = క్వార్టర్ రానివాడు, లేదా రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినవాడు; జోను రంగు = పటంలో పసుపైతే నివాసం, నీలమైతే వ్యాపారం, ఊదా అయితే పరిశ్రమ, ఆకుపచ్చ అయితే పార్కు; సొంపుగన్ = ఇంటి నంబరు రేకు మాసిపోకుండా దాని పక్కన; నోటీసున్ = సంజాయిషీ అడిగే కాగితమును; అంటన్ పెట్టి = మైదా జిగురుతో అతికించి; అధికృతుండు = టౌన్ ప్లానింగ్ సారు, వెంట టేపు పట్టిన చైన్‌మన్; వెళ్ళెన్ = వెళ్ళెను. ఈ ఒక్క మాటకే టీక అక్కర్లేదు.

తాత్పర్యం: ఇల్లు ముందు, రంగు తర్వాత, నోటీసు ఆ తర్వాత.

విశేషాలు: మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో పుట్టిన పట్టణ ప్రణాళికా చట్టమే పేరు మార్చుకుంటూ తెలంగాణ దాకా వచ్చింది. దాని చూపంతా నేల మీదే. ముందు ఎంత జాగా వదిలారు, రోడ్డు ఎన్ని అడుగులు, ఎత్తు ఎంత? గనుల నిబంధనల చూపు నేల కింద. కంపెనీది కాని ఇంటికి 45 మీటర్ల లోపు గని పనులు రావాలంటే గనుల భద్రతా అధికారుల అనుమతి ముందే కావాలి. ఓసీపీలో, అంటే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో, పెద్ద బ్లాస్టింగ్ అయితే చుట్టూ 500 మీటర్లు ప్రమాద ప్రాంతం. ఈ రెండు శాస్త్రాలకూ ఒకే ఇల్లు ఉదాహరణ. అయినా చైన్‌మన్ టేపు కిందికి దిగదు, గని సర్వేయర్ పటం పైకి రాదు. మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు గలగలమన్నప్పుడు మాత్రం రెండూ కలిసినట్టు ఇల్లాలికి తెలుస్తుంది.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం దయగలది. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. రూపాయి బస్తీవాడి దగ్గర ఉంది. జాగా తనదని చూపే కాగితం లేదు. సింగరేణి సర్కారుకు అప్పగించిన స్థలాల్లో ఇళ్ళను క్రమబద్ధీకరించడానికి 2019లో వచ్చిన జీవో 76 ఈ లోటు తీర్చడానికే. కంపెనీ వదలని జాగాలో ఉన్నవాడికి ఆ జీవో వర్తించదు, వాడు పైన చెప్పిన రూపాయిని జేబులోనే ఉంచుకోవాలి.

శంక: ఏటా ఆస్తి పన్ను కట్టించుకుంటున్నారు కదా, ఇల్లు ఒప్పుకున్నట్టే కాదా?

సమాధానం: కాదు. అనుమతి లేని ఇంటికి పన్నూ వేయొచ్చు, పైన జరిమానా కూడా వేయొచ్చు. కట్టిన రసీదు హక్కు పత్రం కాదు. ఉన్నదని పన్ను, లేదని నోటీసు. ఆలంకారికులు దీన్ని విరోధాభాస అంటారు. ఆభాస అంటే పైకి విరోధంలా కనిపించి లోపల సరిపోవాలి. ఇది లోపల కూడా సరిపోదు కనుక ఇక్కడ ఆ అలంకారం దోషం.

మరొక శంక: రంగు ఒకసారి పడ్డాక పోతుందా?

సమాధానం: పోతుంది. భూవినియోగ మార్పిడి ముసాయిదా గెజిట్‌లో పడితే ఆక్షేపణలకు 15 రోజుల గడువు ఇస్తారు. స్థలం యజమాని అడిగినప్పుడు పారిశ్రామిక జోను నివాస జోనుగా మారడం ఇలాగే. మాస్టర్ ప్లాన్ కూడా శిలాశాసనం కాదు. కామారెడ్డిలో తమ పొలాలను పారిశ్రామిక జోనులో చూపారని రైతులు రోడ్డెక్కితే, 2023 జనవరిలో పురపాలక మండలి ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. వాళ్ళు పటం చూశారు కాబట్టి అడిగారు. బస్తీలో గెజిట్ ఎవరింటికీ రాదు.

కనుక పెద్దలకు ఒక విన్నపం. రామగుండంలో ఈసారి మాస్టర్ ప్లాన్ ముసాయిదా వేసినప్పుడు, గని ఎక్కడి దాకా తవ్వారో, ఓసీపీ ఎటు సాగుతుందో అదే కాగితం మీద గీయండి. సర్వే నంబర్లతో తెలుగులో రాసి ప్రతి వార్డు ఆఫీసు గోడకు తగిలించండి. మైదా జిగురు మీ దగ్గర ఎలాగూ ఉంది.